వేళ్ళకు చూపు నేర్పుదాం (రొమ్ము ఆరోగ్యం: మూడవ పాఠం)

గత పాఠంలో అద్దం ముందు నిలబడ్డాం. చేతులు కిందికి వదిలేసి ఒకసారి, తల మీదికి ఎత్తి ఒకసారి, నడుము మీద గట్టిగా అదిమిపెట్టి ఒకసారి చూసుకున్నాం. చర్మం ఎక్కడైనా సొట్టపడిందా, కమలాపండు తొక్కలా గుంటలు తేలిందా, చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోయిందా అని కళ్ళతో వెతికాం. నోటుపుస్తకంలో రెండు వృత్తాలు గీసి, పుట్టుమచ్చలు, పాత మచ్చలు, రెండు రొమ్ముల మధ్య ఉన్న చిన్నా పెద్దా తేడాలు అందులో గుర్తు పెట్టుకోమన్నాను. ఆ పుస్తకం ఇవాళ కూడా దగ్గర ఉంచుకోండి. ఈ పాఠంలో కళ్ళకు పెద్దగా పని లేదు. పనంతా వేళ్ళదే.

పాఠంలోకి వెళ్ళేముందు మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. భోగి నాడు తలంటి పోసుకుంటుంటే ఆమె చేతికి గడ్డ తగిలింది. ఎడమ రొమ్ములో, చంకవైపు, పైన, చింతగింజంత. నొప్పి లేదు. పాలగడ్డ లాంటిదేదో అయి ఉంటుందనుకుంది. అప్పటికి ఆమె చిన్న కొడుకు వయసు ఇరవై రెండేళ్ళు. వేసవిలో కూతురి పెళ్ళి. శుభకార్యం పెట్టుకుని ఇంట్లో ఆసుపత్రి మాట ఎత్తకూడదని ఊరుకుంది. శ్రావణమాసంలో, చర్మం ఎర్రబడి బిగుసుకున్నాక, మా అమ్మకు చెప్పింది. అప్పటికది నిమ్మకాయంత అయింది. చంకలో బిళ్ళలు కూడా కట్టాయి. ఆమె వేళ్ళు ఆ గడ్డను ఏడు నెలల ముందే పట్టుకున్నాయి. ఆ మాట ఎవరి చెవినా పడలేదు, అంతే. ఆ తర్వాత ఆమె మా మధ్య మూడేళ్ళు ఉంది.

అందుకే పాఠం నొప్పితో మొదలుపెడుతున్నాను. ఒంట్లో ఏదైనా చెడితే నొప్పి చెబుతుందని చిన్నప్పటి నుంచి నమ్ముతాం. పన్ను, కడుపు, కీళ్ళ విషయంలో అది చాలావరకు నిజం. రొమ్ము విషయంలో ఆ నమ్మకం మనల్ని మోసం చేస్తుంది. మొదటి దశలో ఉన్న క్యాన్సర్ గడ్డ సాధారణంగా నొప్పి పుట్టదు. నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలిపితే అది చాలాసార్లు హార్మోన్ల పని. సలిపినప్పుడు భయపడి, సలపని గడ్డను చూసి ధైర్యం తెచ్చుకుంటున్నాం. ఈ పాఠంలో ఇంకేదీ గుర్తుండకపోయినా సరే, "నొప్పి లేదు కదా" అన్న మాట ఎవరి నోట విన్నా, అది మీ నోటే అయినా, ఉలిక్కిపడండి.

పిండిముద్ద మీద సాధన

మన ఒంటి మీదికి వెళ్ళేముందు వంటింట్లో సాధన చేద్దాం. శిక్షణ కేంద్రాలలో సిలికోన్ బొమ్మల మీద నేర్పుతారు. మనకు చపాతీపిండి చాలు. పిండిని మెత్తగా కలిపి, నూనె రాసి, అరచేతి వెడల్పున, మూడు వేళ్ళ మందాన పళ్ళెంలో పరచండి. మీరు చూడకుండా ఇంట్లో ఎవరినైనా పిలిచి అందులో మూడు గింజలు దాచమనండి. పైపైనే ఒక పెసరగింజ, మధ్యలో ఒక శనగగింజ, అడుగున పళ్ళేనికి ఆనేలా ఒక చింతగింజ. పైన పల్చటి నూలుగుడ్డ కప్పించండి.

ఇప్పుడు చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు దగ్గరగా చేర్చండి. గోటి కొనలతో పొడవకండి. మొదటి కణుపు కింద ఉండే మెత్తని కండ ఉంది చూడండి, మనం బియ్యంలో రాళ్ళు తడిమేటప్పుడు వాడేది, దానితోనే పని. గుడ్డ మీద ఆ మెత్తని భాగాన్ని ఆనించి రూపాయి బిళ్ళంత సున్నా చుట్టండి. మొదటి సున్నా చర్మం కదిలేంత తేలికగా. వేళ్ళు ఎత్తకుండా, అక్కడే రెండోది కాస్త నొక్కి. మూడోది అడుగున పళ్ళెం తగిలేదాకా. ఒక్కో చోట మూడు సున్నాలు, మూడు లోతులు. పెసరగింజ మొదటి సున్నాలోనే తగులుతుంది. అదే గింజను మొదటే గట్టిగా నొక్కితే పిండిలోకి దిగిపోయి వేళ్ళకు చిక్కదు. చింతగింజ మూడో సున్నా దాకా దొరకదు. తేలిక ఒత్తిడి ఎందుకు, గట్టి ఒత్తిడి ఎందుకు అని నేను నాలుగు పేజీలు రాసినా ఇంత బాగా అర్థం కాదు. ఒక్కసారి చేసి చూడండి.

ముద్దలో ఒక గింజలేని ద్రాక్షపండు కూడా దాచి చూడండి. నీటితిత్తి, అంటే ద్రవం నిండిన సంచి, చాలాసార్లు అలా మెత్తగా, గుండ్రంగా తగులుతుంది. పడుచు వయసులో తరచుగా వచ్చే ఫైబ్రోఅడినోమా అనే గడ్డ నున్నటి గోళీలా వేలికింద జారిపోతుంది. ఈ రెండూ క్యాన్సర్ కావు. క్యాన్సర్ గడ్డ ఎక్కువగా గట్టిగా, అంచులు ఎగుడుదిగుడుగా, చుట్టూ ఉన్న కండతో అతుక్కుపోయినట్టు ఉంటుంది. ఒక హెచ్చరిక: ఈ పోలికలు వేళ్ళకు తేడా తెలియడానికే. "జారిపోతోంది కాబట్టి ఫరవాలేదు" అని ఇంట్లో తీర్పు చెప్పుకోవడానికి వీల్లేదు. జారిపోయే గడ్డల్లోనూ క్యాన్సర్ ఉండవచ్చు. అది ఏ గడ్డో తేల్చేది వైద్యపరీక్షే.

ఒంటి మీద

నెలసరి వచ్చే వయసులో ఉంటే, మొదటి రోజు నుంచి లెక్కపెట్టి ఏడో రోజుకూ పదో రోజుకూ మధ్య చూసుకోండి. అప్పుడు వాపు, బరువు తగ్గి రొమ్ము మెత్తగా ఉంటుంది. నెలసరి ఆగిపోయినవారు నెలకు ఒక రోజు గుర్తు పెట్టుకుంటే చాలు. పౌర్ణమి లెక్క తప్పని ఇళ్ళలో పౌర్ణమే మంచి గుర్తు. పాలిచ్చే తల్లులు బిడ్డకు పాలు పట్టాక, రొమ్ము ఖాళీ అయినప్పుడు చూసుకోవాలి.

వెల్లకిలా పడుకోండి. కుడి రొమ్ము చూసుకునేటప్పుడు కుడి భుజం కింద మడతపెట్టిన తువ్వాలు ఉంచి, కుడిచెయ్యి తలకింద పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళతో చూడాలి. ఇలా పడుకుంటే రొమ్ము పల్చబడి ఛాతీ మీద పరుచుకుంటుంది. నిలబడి చూసుకుంటే మడతల్లో దాగే భాగం ఇప్పుడు చేతికి వస్తుంది. చేతికి రెండు చుక్కల కొబ్బరినూనె రాసుకుంటే వేళ్ళు పట్టెయ్యకుండా జారుతాయి.

రొమ్ము అనగానే ముందుకు కనిపించే భాగమే గుర్తొస్తుంది. వెతకాల్సిన మేర అంతకంటే పెద్దది. పైన మెడ కింది అడ్డ ఎముక దాకా, కింద రొమ్ము మడత దాటి రెండు వేళ్ళ మేర, లోపలివైపు నడి ఎముక దాకా, బయటివైపు చంక కింద పక్కటెముకల మీదికి. రొమ్ము కణజాలం తోకలా చంకలోకి పాకి ఉంటుంది. క్యాన్సర్ గడ్డల్లో సగానికి దగ్గరగా చంకవైపు పై భాగంలోనే కనబడతాయి. అక్కడ తొందర పడకండి.

చంక నుంచి మొదలుపెట్టి పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి, సాలు పక్కన సాలు దున్నినట్టు వెళ్ళండి. ఒక సాలుకూ ఇంకో సాలుకూ మధ్య ఒక వేలి వెడల్పు దాటకూడదు. చనుమొన చుట్టూ గుండ్రంగా తిప్పే పద్ధతి కూడా ఉంది గానీ, అందులో మూలలు తప్పిపోతాయి. నేను నేర్పేది సాళ్ళ పద్ధతే. చంక చూసేటప్పుడు మాత్రం చెయ్యి పైకెత్తవద్దు. ఎత్తితే కండరం బిగుసుకుని బిళ్ళలు లోపల దాక్కుంటాయి. చెయ్యి పక్కకు వదులుగా దించి, అప్పుడు లోపలికి వేళ్ళు పెట్టి చూడాలి.

మొదటిసారి చేసినప్పుడు చాలామంది కంగారుపడతారు, ఎందుకంటే అన్నీ గడ్డల్లాగే తోస్తాయి. పాలగ్రంథులు నానబెట్టిన సగ్గుబియ్యంలా చేతికి తగులుతాయి. రొమ్ము కింది మడత దగ్గర గట్టిగా ఒక గట్టులా ఉంటుంది. లోతుగా నొక్కితే పక్కటెముక తగులుతుంది. ఇవన్నీ మామూలే. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి గిల్లినట్టు చూస్తే మంచి కండ కూడా గడ్డలా తోస్తుంది, అలా చూడకండి. ఈ నెల మీరు వెతుకుతున్నది జబ్బును కాదు. మీ ఒంటికి ఏది మామూలో దాన్ని వేళ్ళకు కంఠతా పట్టిస్తున్నారు. రెండో నెల, మూడో నెల గడిచేసరికి ఆ మామూలులో కొత్తది చేరితే వేలు దానంతట అదే ఆగుతుంది.

ఇది ఎంతవరకు పనికొస్తుంది?

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చైనాలోని షాంఘైలో దాదాపు 2,66,000 మంది బట్టల మిల్లు కార్మికురాళ్ళ మీద పెద్ద పరిశోధన జరిగింది. వారిలో సగం మందికి ఇలా స్వయంగా చూసుకోవడం నేర్పారు, సగం మందికి నేర్పలేదు. 2002లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల్లోనూ రొమ్ము క్యాన్సర్ మరణాలు ఇంచుమించు సమానం. నేర్చుకున్నవారిలో క్యాన్సర్ కాని గడ్డలకు పరీక్షలు మాత్రం ఎక్కువ జరిగాయి. కాబట్టి "నెలనెలా చూసుకుంటే చాలు, ప్రాణానికి ఢోకా లేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. చేతికి అందనంత చిన్న గడ్డను మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే, పట్టగలదు, వేలు పట్టలేదు.

మరి ఈ పాఠం ఎందుకు? మన దేశంలో చాలామంది స్త్రీలకు మామోగ్రామ్ అందుబాటులో లేదు. గడ్డను మొదట కనిపెట్టేది చాలాసార్లు ఆ మనిషి చెయ్యే, అదీ స్నానం చేస్తూనో, రవిక తొడుక్కుంటూనో. అనుకోకుండా తగిలినప్పుడు అది కొత్తదా పాతదా తెలియాలంటే ముందే తెలిసి ఉండాలి. ఇక శిక్షణ పొందిన చేతి విలువ ముంబయిలో తేలింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో మొదలుపెట్టి, బస్తీల్లోని లక్షా యాభై వేల మందికి పైగా స్త్రీలను ఇరవై ఏళ్ళు గమనించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్షించిన గుంపులో 50 ఏళ్ళు దాటిన స్త్రీలలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. అంతకంటే చిన్న వయసువారిలో అలాంటి మేలు కనిపించలేదు. యంత్రం లేదు, కరెంటు లేదు, మూడు వేళ్ళు ఉన్నాయి. నాకు ఇది చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి.

మన ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు 5 ఏళ్ళకొకసారి ఇలాంటి చేతి పరీక్ష ఉచితంగా చేయాలని ఉంది. మీ ఊరి ఏఎన్ఎం దగ్గరో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడగండి. అడిగేవాళ్ళుంటే చేసే అలవాటూ పెరుగుతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాది సుమారు 1,92,000 మందికి రొమ్ము క్యాన్సర్ బయటపడింది, 98,000 మందికి పైగా చనిపోయారు. ఇందులో ఎంతమంది మా పెద్దమ్మలా నెలల తరబడి మనసులో దాచుకున్నారో అని తలుచుకుంటాను.

తగిలితే

తగిలిన గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. అయినా వారంలోపు చూపించండి. పండుగ, పరీక్షలు, కోతలు, పెళ్ళి, ఏదీ అడ్డు రానివ్వకండి. నోటుపుస్తకం తెరిచి, గీసిన వృత్తంలో చుక్క పెట్టి, తేదీ వేయండి. ఏ రొమ్ము, చంకవైపా లోపలివైపా, పైనా కిందా, ఆవగింజంతా, శనగగింజంతా, రేగుపండంతా, కదులుతోందా అతుక్కుందా రాయండి. డాక్టరు ముందు కూర్చోగానే నోట మాట రాకపోతే పుస్తకం తెరిచి చూపిస్తే సరిపోతుంది. మగవారికి కూడా ఈ జబ్బు వస్తుంది, అరుదుగా. చనుమొన వెనక గట్టి గడ్డ తగిలితే వారూ సిగ్గుపడకుండా చూపించుకోవాలి.

ఇంకో చిక్కు మాటతోనే ఉంది. మనవాళ్ళు "గుండెల మీద ఏదో ఉంది", "ఛాతీలో గడ్డ", "అక్కడ" అంటారు. "గుండెల్లో ఏదో ఉంది" అని చెప్పి గుండె పరీక్ష చేయించుకుని ఇంటికి వచ్చినవాళ్ళున్నారు. ధైర్యంగా నిలబడినవాణ్ణి రొమ్ము విరుచుకుని నిలబడ్డాడని మెచ్చుకుంటాం. ఆ మాట మగవాడికి గౌరవమైనప్పుడు, ఆడది తన ఒంటి గురించి చెబితే సిగ్గెందుకు కావాలి? రొమ్ము అనే అనండి. ముందు ఒంటరిగా పైకి అని చూడండి. తర్వాత చెల్లెలితో, అత్తగారితో, కూతురితో. మూడోసారికి నోరు తడబడదు.

వచ్చే పాఠంలోపు

పిండిముద్ద సాధన రెండుసార్లు చేయండి, రెండోసారి గింజలు దాచే పని మీది, వెతికే పని ఇంట్లో ఇంకొకరిది. పొదుపు సంఘం సమావేశం ఉంటే పళ్ళెం అక్కడికి తీసుకెళ్ళండి. ఉపన్యాసం అక్కర్లేదు, పళ్ళెం మధ్యలో పెట్టి "ఇందులో మూడు గింజలున్నాయి, పట్టుకోండి" అంటే చాలు, మిగతా మాటలు వాటంతట అవే వస్తాయి. ఎన్ని గింజలు ఎవరికి దొరికాయో, చింతగింజ ఎంతమందికి తప్పిపోయిందో రాసి ఉంచండి.

నాలుగో పాఠం ఆసుపత్రి గడప దగ్గర మొదలవుతుంది. చేతి పరీక్ష, స్కానింగు, ముక్క పరీక్ష, ఈ మూడూ ఏ వరుసలో ఎందుకు చేస్తారు, సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంలో ఎంత నిజముంది, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్ళేవారు ఏ కాగితాలు దగ్గర పెట్టుకోవాలి అన్నవి చూద్దాం. నోటుపుస్తకంలో మూడు ఖాళీ పేజీలు వదిలిపెట్టండి.