భూగోళం మొదటి నుంచి – 4: పెన్నా ఎటు పారుతోంది?

ఈ వారం అక్షాంశాలు మొదలుపెడదామనుకున్నాను. కుదిరేలా లేదు. పోయిన పాఠం చివర పెన్నా నదికి బాణం గుర్తు పెట్టమంటే, చాలామంది అనంతపురం వైపు నుంచి కిందికి, నంది కొండల మీదికి పెట్టారు. నదిని కొండెక్కించారన్నమాట. "ఉత్తరం పైన ఉంటుందని మీరే చెప్పారు కదా సార్, నీళ్లు పైనుంచి కిందికే కదా వచ్చేది" అని ఒకరు రాశారు. సగం తప్పు నాదే. "పైన" అనే మాట అంత తేలిగ్గా వాడి ఉండకూడదు.

పటంలో ఉత్తరాన్ని పైన గీయడం ఒక అలవాటు, అంతే. నేల ఎత్తుపల్లాలతో దానికి సంబంధం లేదు. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం అంటాం. అక్కడ ఎవరైనా దిక్కులు చూస్తారా? ఎక్కేది ఎగువ, దిగేది దిగువ. "ఎగువ రాష్ట్రాలు నీళ్లు వదిలాయి" అని వార్తల్లో వింటాం. కృష్ణ విషయంలో ఆ ఎగువ మనకు పడమర.

ఇక పెన్నా. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుడుతుంది. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. అక్కడి నుంచి ఉత్తరంగా నడిచి హిందూపురం ప్రాంతానికి వస్తుంది. అక్కడ నేల సుమారు 620 మీటర్లు. తర్వాత తూర్పుకు తిరిగి తాడిపత్రి, గండికోట లోయ దాటి, 20 మీటర్ల ఎత్తైనా లేని నెల్లూరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఈ అంకెల్ని వరసగా చూడండి, ఎక్కడైనా పెరిగాయా? మంజీరా కూడా అంతే. సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్లి, కందకుర్తిలో గోదావరిని కలుస్తుంది. గోదావరి సంగతి ఇంకా చిత్రం. అరేబియా సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో పుట్టి కూడా అటు పోదు. దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉంది కాబట్టి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికే వస్తుంది.

అసలు ఈ తిప్పలన్నీ గోడ పటంతోనే. నేనైతే పటాన్ని నేల మీద పరిచి, దాని ఉత్తరం అంచును నిజమైన ఉత్తరానికి తిప్పి చూస్తాను. అప్పుడు "పైన" అనే మాటకు చోటే ఉండదు. నది కనిపిస్తే దిక్కు తర్వాత, ముందు ఎత్తు చూడండి. రంగుల భౌతిక పటంలో గోధుమ రంగు ఎత్తు, ఆకుపచ్చ పల్లం. కాంటూరు రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన గీతలు ఉన్న పటం దొరికితే ఇంకా సులువు. వాగును దాటేచోట ఆ రేఖ వంకర తిరిగి కొక్కెంలా అవుతుంది. కొక్కెం మొన ఎటుంటే అది ఎగువ.

కుడి గట్టు, ఎడమ గట్టు కూడా ఇలాగే. మీరు ఎటు నిలబడ్డారన్నది కాదు, నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి చెప్పాలి. ప్రకాశం బ్యారేజీ మీద సముద్రం వైపు తిరిగితే విజయవాడ ఎడమ చేతికి, తాడేపల్లి కుడి చేతికి వస్తాయి. నాగార్జునసాగర్‌లో దిగువ నుంచి డ్యామ్ వైపు చూస్తూ సెల్ఫోన్ ఎత్తితే కుడి కాలువ మీ ఎడమ పక్కన ఉంటుంది. టెన్షన్ పడకండి, పేరు సరైనదే.

అభ్యాసం: మీ ఇంటి చూరు నుంచి పడిన వాన చుక్క సముద్రం చేరేదాకా దారి రాయండి. కాలువ, చెరువు, అలుగు, వాగు, నది, ఏదీ వదలొద్దు. మొదటి రెండు కిలోమీటర్లు నడిచి చూడాల్సిందే, ఫోన్‌లో చూసి రాస్తే ఒప్పుకోను. హైదరాబాద్‌లో మూసీ వైపు ఉన్నవాళ్లకు సగం పని నేనే చేసి పెడుతున్నాను: మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాబట్టి మీరు మూసీ దాకా మురుగునాలా తిరిగే ప్రతి మలుపూ రాయాలి. డాలస్‌లో ఉన్నవాళ్లు ట్రినిటీ నదిని వెతుక్కోండి. పెన్నాను కొండెక్కించినవాళ్లు ముందు ఆ బాణం దిద్ది పంపండి, తర్వాతే ఇది.