సూపర్‌హీరో బొమ్మల కథలో కొసమెరుపు: చివరి పేజీని రెండో పేజీలోనే విత్తుకోవడం

సూపర్‌హీరో కామిక్సులో కొసమెరుపు ఎలా రాయాలని మా అనంతపురం పిల్లలు అడిగినప్పుడు నేను ముందుగా అమెరికా పేరెత్తను, అహోబిలం పేరెత్తుతాను. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చిన ఆ కొండల్లో ఉగ్రస్తంభం అనే నిలువు రాయి ఉంది. నరసింహుడు దాన్ని చీల్చుకుని బయటికి వచ్చాడని భక్తులు నమ్ముతారు. హిరణ్యకశిపుడు కోరిన వరాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. పగలు గానీ రాత్రి గానీ, ఇంట్లో గానీ బయట గానీ, మనిషి చేత గానీ మృగం చేత గానీ, నేల మీద గానీ నింగిలో గానీ, ఏ ఆయుధంతో గానీ చావు ఉండకూడదన్నాడు. విష్ణువు వచ్చి వరం చెల్లదని చెప్పి ఉంటే అది కథ అయ్యేదే కాదు. వరంలో ప్రతి మాటనూ తు.చ. తప్పకుండా పాటిస్తూనే సంధ్యవేళ, గడప మీద, తొడ మీద పెట్టుకుని, గోళ్లతో చంపాడు. రాక్షసుడు తన చుట్టూ కట్టుకున్న గోడే అతని మీద కూలింది. విధి వైపరీత్యం అంటే ఇదే. సూపర్‌హీరో కథలో నిలబడే కొసమెరుపులన్నీ దాదాపు ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

కాబట్టి బొమ్మ మొదలు పెట్టకముందే మీ హీరో శక్తికి షరతులు రాసుకోండి. ఎంత దూరం పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు, ఒకసారి మొదలైతే ఆపగలడా, ఎవరికి నష్టం. రెండు మూడు షరతులు చాలు. హీరో ఏం చేయగలడన్నది ముఖచిత్రం మీదకు పనికొస్తుంది. ఏం చేయలేడన్నదే ముగింపుకు పనికొస్తుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి పదకొండు పేజీల్లో చెప్పిన స్పైడర్‌మ్యాన్ తొలి కథ. దొంగ ఒకడు పక్క నుంచే పారిపోతుంటే, పట్టుకునే శక్తి ఉండి కూడా, నాకెందుకులే అని పీటర్, అంటే ముసుగు వెనక ఉన్న స్పైడర్‌మ్యాన్, ఊరుకుంటాడు. ఆ తర్వాత తనను పెంచిన బెన్ హత్యకు గురైతే, హంతకుణ్ణి వెంటాడి పట్టుకుని మొహం చూస్తాడు. వాడు ఆ దొంగే. ఇక్కడ గమనించవలసింది ఆశ్చర్యం కాదు. దొంగ మొహాన్ని పాఠకుడు ముందే ఒకసారి చూశాడు, పీటరూ చూశాడు, ఇద్దరూ పట్టించుకోలేదు. రచయిత దాచిందేమీ లేదు. మనమే చూడకుండా దాటిపోయాం. కొసమెరుపు చదివాక పాఠకుడికి రచయిత మీద కాక తన మీద తనకే కోపం రావాలి.

1973లో జెర్రీ కాన్వే రాసిన, గిల్ కేన్ బొమ్మలు గీసిన కథలో ఇంకా కఠినమైన వైపరీత్యం ఉంది. వంతెన మీద నుంచి పడిపోతున్న తన ప్రియురాలు గ్వెన్‌ను స్పైడర్‌మ్యాన్ తన దారంతో పట్టుకుంటాడు. ఆ పట్టుకోవడంలోనే, ఆమె మెడ పక్కన ఒక చిన్న శబ్దం అచ్చయి ఉంటుంది. హీరోకు ఎప్పుడూ పనికొచ్చిన శక్తి ఆ ఒక్కసారి ప్రాణం తీసింది. ఆ కథ పేరును కూడా మొదట్లో చెప్పకుండా చివరి పేజీ దాకా ఆపారు. మన పిల్లలు ఇక్కడే పొరపాటు చేస్తారు. ముఖచిత్రం మీదే ‘మబ్బయ్య చేసిన తప్పు’ అని పేరు పెట్టి, ఆరు పేజీల కష్టాన్ని ఒక్క వరసలో ఒలకబోస్తారు.

మబ్బయ్య ఎవరంటే, మేము కలిసి వేసిన ఎనిమిది పేజీల కథలో హీరో. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో అవ్వ దగ్గర పెరిగే కుర్రవాడు. చప్పట్లు కొడితే వాన పడుతుంది. మేము పెట్టుకున్న షరతులు రెండే. పడితే ఊరంతటి మీదా పడుతుంది గానీ ఒక్క చేను చూసి పడదు. మొదలైన వాన గంటసేపు ఆగదు. అనంతపురంలో ఇంతకంటే పెద్ద సూపర్‌హీరో ఉంటాడా? జూన్‌లో వాన తెచ్చి విత్తనం వేయించిన వాడికి ఊరు గుడి కట్టదూ!

ముగింపు తెలిసిపోయిందనుకుంటా, చెనక్కాయ, అంటే వేరుశనగ, పండించే ఇంట్లో పుట్టినవారికి. అక్టోబరులో చెట్లు పెరికి చేలోనే ఎండబెట్టిన రోజుల్లో ఊరి గడ్డివామి అంటుకుంటుంది, పక్కనే పశువుల కొట్టం. మబ్బయ్య వాన తెస్తాడు, మంట ఆరుతుంది, ఊరి పంటంతా తడిసి బూజు పడుతుంది. విలన్ అక్కరలేదు.

అయితే పట్నంలో పెరిగిన పాఠకుడికి ఎండబెట్టిన చెనక్కాయ తడిస్తే ఏమవుతుందో తెలియదు. చివరి పేజీలో ఎవరో ఒకరు వివరించవలసి వస్తే కొసమెరుపు చచ్చిపోతుంది. అందుకని ఆ సంగతిని రెండో పేజీలోనే విత్తాలి, విత్తినట్టు కనపడకుండా విత్తాలి. మేము చేసింది ఇది. రెండో పేజీ మూడో గడిలో మబ్బయ్య అవ్వ పాత చీరను భుజాలకు కట్టుకుని, హీరోలాగా గాలిలో ఎగరేయబోయి, కుంపటి దగ్గర చెంగు కాల్చుకుంటుంటాడు. అవ్వ అతని వైపు చూడకుండా విత్తనం కాయలు ఒలుస్తూ, “చెట్టు పెరికినంక నాలుగు దినాలు ఎండ కాయల్ల నాయనా, అప్పుడు వానొస్తే అంతా బూజే” అంటుంది. పాఠకుడి కన్ను కాలుతున్న చీర మీద ఉంటుంది, చెవి మాత్రం అవ్వ మాటను పట్టుకుంటుంది. నవ్వు పక్కన పెట్టిన సమాచారం దాక్కున్నంతగా మరెక్కడా దాక్కోదు. ఆ మాటల బుడగను గడిలో పై మూలకు కాక కింది మూలకు జరపడానికే మాకు ఒక సాయంత్రం పట్టింది.

పేజీల లెక్క కూడా కథలో భాగమే. రెండు ఏ4 కాగితాలను మధ్యకు మడిస్తే ఎనిమిది పేజీల పుస్తకం వస్తుంది. తెరిచినప్పుడు సరిసంఖ్య పేజీ ఎడమవైపు, బేసిసంఖ్య పేజీ కుడివైపు ఉంటాయి. కనుక పాఠకుడు తిప్పితే తప్ప కనపడకూడని బొమ్మను సరిసంఖ్య పేజీలోనే వేయాలి. అయిదో పేజీ చివరి గడిలో మబ్బయ్య రెండు అరచేతులూ ఎడంగా పైకెత్తి ఉంటాడు, ఇంకా కలవలేదు. పేజీ తిప్పగానే ఆరో పేజీ నిండా వాన. నడుమ ఆరిన వామి, సంతోషంతో గెంతుతున్న జనం. అడుగున, అందరికంటే దగ్గరగా, వరసలు వరసలుగా తడుస్తున్న చెనక్కాయ చెట్లు. ఆ పేజీలో ఒక్క మాట లేదు. ఎనిమిదో పేజీ వెనక అట్ట కాబట్టి అది సరిసంఖ్యే అయినా కొసమెరుపుకు పనికిరాదు. నా మొదటి పుస్తకంలో నేను ఆ తప్పే చేశాను. జిరాక్స్ తీయించి బల్ల మీద బోర్లా పెట్టేసరికి, తీసుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ముగింపు చూసి, ఆ తర్వాతే పుస్తకం తెరిచారు.

కొసమెరుపు ఒక్కటే సరిపోదు. దానికి తోడుగా, పాఠకుడికి తెలిసి పాత్రకు తెలియని సంగతి ఒకటి నడుస్తూ ఉండాలి. రహస్య రూపం ఉన్న ప్రతి హీరో కథలోనూ ఇది ఉచితంగా దొరుకుతుంది. స్పైడర్‌మ్యాన్‌ను రోజూ తన పత్రికలో తిట్టిపోసే యజమాని జేమ్సన్, అదే స్పైడర్‌మ్యాన్ ఫొటోల కోసం పీటర్‌కు డబ్బులిస్తూ ఉంటాడు. ఆ ఒక్క ఏర్పాటు మీద దశాబ్దాల పాటు హాస్యం నడిచింది. మాకు ఏడో పేజీ ఇందులోంచే వచ్చింది. ఆరో పేజీ తర్వాత మబ్బయ్య పశ్చాత్తాపంతో ఏడవాలని, ఊరివాళ్లు తిట్టాలని మొదట అనుకున్నాం, రాసి చూస్తే ఉపన్యాసంలా ఉంది. చివరికి ఒకటే గడి మిగిలింది. తడిసి ముద్దయి ఇంటికొచ్చిన మనవడి తలను అవ్వ కొంగుతో తుడుస్తూ, “ఆ మబ్బయ్య కండ్లు పోను” అని శాపనార్థాలు పెడుతుంది. ఆ మబ్బయ్య తన మనవడేనని ఆమెకు తెలియదు.

విలన్‌కు కూడా వైపరీత్యం వాడవచ్చు. 1986-87లో వచ్చిన పన్నెండు సంచికల వాచ్‌మెన్ అనే కామిక్సులో రచయిత అలాన్ మూర్ ఒక పాత అలవాటును తిరగేశాడు. పథకమంతా విలన్ వివరిస్తుంటే హీరోలు ఆపడానికి సమయం దొరుకుతుందన్నది పాత ఆనవాయితీ కదా. ఇక్కడ అంతా విన్నాక తేలేదేమిటంటే, ఆ పని ముప్పై అయిదు నిమిషాల క్రితమే అయిపోయింది. పాఠకుడి అలవాటునే ఉచ్చుగా వాడటం ఇది. అయితే ఆ ఆనవాయితీ తెలిసిన పాఠకుడి మీదే ఇది పనిచేస్తుంది. మొదటిసారి కామిక్సు పట్టుకున్న పిల్లవాడికి అది మామూలు వార్తే.

అంతా కల అని తేల్చడం, కవల సోదరుడిని దించడం, మతిమరుపు తెప్పించడం: వీటి జోలికి పోకండి. అవి పాఠకుడు చదివినదాన్ని రద్దు చేస్తాయి. మంచి కొసమెరుపు చదివినదాని అర్థాన్ని మారుస్తుంది గానీ జరిగినదాన్ని చెరపదు.

జిరాక్స్‌కు ఇచ్చే ముందు కథ తెలియని ముగ్గురి చేత చదివించండి. అయిదో పేజీ దగ్గర ఆపి, ఏం జరుగుతుందని అడగండి. ముగ్గురూ చెప్పేస్తే విత్తనం నేల మీదే తేలిపోయిందని అర్థం. అవ్వ మాటను ఇంకా చిన్న అక్షరాల్లోకి, ఇంకా పెద్ద నవ్వు పక్కకు జరపండి. ఆరో పేజీ చూశాక కూడా “వాన పడితే ఏమైంది?” అని అడిగితే మరీ లోతుగా పూడ్చారన్నమాట. ఎవరైనా ఏమీ మాట్లాడకుండా వేళ్లతో వెనక్కి తిప్పుకుంటూ రెండో పేజీకి వెళ్లారా, ఇక దేన్నీ ముట్టుకోవద్దు. ఏడో పేజీలో సమాప్తం అన్న మాట కూడా వేయకండి. అవ్వ కొంగు గడి అంచు దాటి తెల్లకాగితం మీదకు కాస్త జారితే చాలు.