పేద కుటుంబం ఆశను అప్పు ప్రణాళికలోకి తేవడం ఎలా?

స్వయం సహాయక సంఘాల లెక్కలు రాసేవారు సూక్ష్మ రుణ ప్రణాళిక (ఏ సభ్యురాలికి దేనికి, ఎంత అప్పు కావాలో రాసుకునే కాగితం) కోసం కూర్చున్నప్పుడు ‘నీకెంత కావాలి?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే, చాలాసార్లు పక్కింటామె తీసుకున్న మొత్తమే జవాబుగా వస్తుంది. మూడేళ్లకు తన ఇల్లు ఎలా ఉండాలని సభ్యురాలు కోరుకుంటున్నదో ముందుగా అడగాలి. కూతురిని పాలిటెక్నిక్ చదివించాలనుకునే ఆమెకు ఏటా ఫీజు కట్టే వేళకు చేతిలో డబ్బుండాలి. కౌలు మానుకొని అరెకరమైనా కొనుక్కోవాలనుకునే ఆమెకు ముందు పాత బాకీ తీరాలి. ఈ మాటలు సంఘం సమావేశంలో కాకుండా ఆమె ఇంట్లో, వీలైతే చదువుకుంటున్న పిల్లల ఎదుట అడగడం మంచిది, ఎందుకంటే పదిమందిలో ఎవరైనా పదిమందీ అనే మాటే అంటారు.

తర్వాత ఆ ఆశ ఎంత దూరంలో ఉందో చూడాలి. ఉన్న స్థితికీ ఆశకూ మధ్య దూరం మరీ తక్కువైతే ప్రయత్నించాలన్న పట్టుదల పుట్టదనీ, మరీ ఎక్కువైతే నిరాశతో ప్రయత్నమే ఆగిపోతుందనీ ఆర్థికవేత్త దేబ్‌రాజ్ రే వివరించారు. మనుషులు తమలాంటి వారిని చూసే ఆశలు పెంచుకుంటారు. పశ్చిమ బెంగాల్‌లో జరిగి 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం, వరుసగా రెండు విడతలు పంచాయతీ ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి) పదవి మహిళలకే రిజర్వైన గ్రామాల్లో, కొడుకుల విషయంలోనూ కూతుళ్ల విషయంలోనూ తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల మధ్య తేడా తగ్గింది. అందువల్ల జిల్లా స్థాయి విజేతను చూపించడం కంటే, అంతే భూమి, అంతే అప్పుతో మొదలై ఒక మెట్టు ఎక్కిన పొరుగూరి సభ్యురాలి ఇంటికి తీసుకువెళ్లి, ఏ నెలలో కిస్తీ కట్టడం కష్టమైందో, అప్పుడేం చేసిందో ఆమె నోటనే చెప్పించాలి.

అసలు పని లెక్కలో ఉంది. పాడి పెట్టుకోవాలనుకునే సభ్యురాలికి రెండు గేదెలను ఒకేసారి కొనిస్తే రెండూ ఇంచుమించు ఒకేసారి వట్టిపోతాయి, పాలడబ్బు ఆగుతుంది, కిస్తీ మాత్రం ఆగదు. ఆ నెలల్లోనే ఆమె మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది. మొదటి గేదె కొన్న అయిదారు నెలలకు రెండోది కొనేలా అప్పును రెండు విడతలుగా రాస్తే, ఒకటి వట్టిపోయిన కాలంలో రెండోది పాలిస్తుంది. దాణాకు, బీమాకు అయ్యే ఖర్చును కూడా అదే కాగితంలో చేర్చాలి.

బయటి బాకీ ఉంటే దానికే ముందు చోటివ్వాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 50,000 రూపాయలకు నెలకు 1,500 వడ్డీ అవుతుంది. సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకొని ఆ బాకీ తీరిస్తే 500 సరిపోతుంది. మిగిలే వెయ్యిని ఇంటి ఖర్చులో కలిసిపోనివ్వకుండా, కూతురి చదువు పేరిట నెలనెలా పొదుపులో వేయించాలి.

పెళ్లికి, పుష్పవతి వేడుకకు అప్పు కావాలన్నవారిని దుబారా అని మందలించవద్దు. బంధువుల ముందు తలెత్తుకు నిలబడాలన్నది కూడా ఆశే, దాన్ని తోసిపుచ్చితే ఆ అప్పు ప్రణాళికకు బయట, ఎక్కువ వడ్డీకి పుడుతుంది. ఎంతలో చేయదలచుకున్నారో ముందే అడిగి రాసుకొని, ఆరు నెలలకొకసారి ప్రణాళికను ఆ ఇంట్లోనే చదివి వినిపించి, ఆమె మనసు మార్చుకున్న చోట తిరగరాయాలి.