ఎడిటర్‌లో మార్చినా షెల్‌లో పాత కోడే నడుస్తుంటే

ఎడిటర్‌లో ఫంక్షన్ సరిచేసి, సేవ్ చేసి, పైథాన్ షెల్‌లో (కోడ్‌ను లైను లైనుగా నడిపే చోట) మళ్లీ ఇంపోర్ట్ కొట్టినా పాత ఫలితమే వచ్చింది. ఒకసారి ఇంపోర్టయిన మాడ్యూల్‌ను, అంటే కోడ్ ఉన్న ఫైల్‌ను, పైథాన్ మెమరీలో దాచుకుంటుంది. రెండోసారి ఫైల్ చదవదు, దాచినదే ఇస్తుంది.

పైథాన్‌తోనే వచ్చే ఇంపోర్ట్‌లిబ్‌లోని రీలోడ్ ఫంక్షన్‌కు ఆ మాడ్యూల్‌ను ఇస్తే సరిపోయింది. పేరును కోట్స్‌లో పెడితే ఎర్రరే. అసలు చిక్కు 'ఫ్రమ్ మాడ్యూల్ ఇంపోర్ట్ ఫంక్షన్' అని తెచ్చుకున్న పేర్లతో: రీలోడ్ అయ్యాక కూడా అవి పాత ఫంక్షన్‌నే పట్టుకుని ఉంటాయి, ఆ లైను మళ్లీ కొట్టాలి. అందుకే షెల్‌లో మాడ్యూల్ పేరు, చుక్క, ఫంక్షన్ పేరు అని పిలవడమే మేలు. ముందే తయారైన ఆబ్జెక్టులు పాత క్లాసువే. వాటినీ మళ్లీ సృష్టించాలి.

మరిన్ని సౌకర్యాలున్న షెల్ ఐపైథాన్‌లోనైతే ఆటోరీలోడ్ ఎక్స్‌టెన్షన్ లోడ్ చేసి, '%ఆటోరీలోడ్ 2' ఇస్తే ఈ పని చాలావరకు అదే చేసుకుంటుంది.