ఐపీఎఫ్ఎస్‌లో ఫైలు పెట్టే ముందే ఎన్‌క్రిప్ట్ చేయండి

ఐపీఎఫ్ఎస్, ఫైల్‌కాయిన్, ఆర్‌వీవ్ వంటి వికేంద్రీకృత నెట్‌వర్కులలో (ఒకే సంస్థ సర్వరులో కాక అనేకమంది కంప్యూటర్లలో ఫైళ్లను నిలిపేవి) ఆధార్ ప్రతినో, భూమి దస్తావేజునో దాచుకోదలచినవారు ముందుగా గుర్తించవలసినది, ఇవి ఫైలును తమంతట తాముగా ఎన్‌క్రిప్ట్ చేయవన్న, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చవన్న సంగతి. ఐపీఎఫ్ఎస్‌లో ఫైలులోని సమాచారం నుంచే సీఐడీ అనే గుర్తింపు ఏర్పడుతుంది. అది తెలిసినవారెవరైనా ఫైలును తెరవగలరు, పైగా మీరు మీ నోడ్‌లో (నెట్‌వర్కులో చేరిన మీ కంప్యూటరులో) పిన్, అంటే ఫైలును అక్కడ నిలిపి ఉంచే గుర్తు, తొలగించినా, అప్పటికే వేరొకరు దించుకొన్న ప్రతి వారి వద్ద అలాగే ఉండిపోగలదు. ఆర్‌వీవ్ సంగతి చెప్పనక్కరలేదు, శాశ్వతంగా నిలపడమే దాని ఉద్దేశం; గుర్తింపు పత్రాలను ఎన్‌క్రిప్ట్ చేసి కూడా అందులో పెట్టవద్దనే నా సలహా.

మిగిలిన సందర్భాలలో, ఎక్కించే ముందే మీ కంప్యూటరులో ఫైళ్లను కుదించే 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్ తెరచి, 7జెడ్ అనే ఫైలు రకాన్ని ఎంచుకొని, పొడవైన పాస్‌వర్డ్‌తో ఏఈఎస్-256 అనే పద్ధతిలో ఎన్‌క్రిప్షన్ చేయండి. అక్కడే ఉండే ‘ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్’ గడిలో టిక్కు పెట్టకపోతే, లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేనివారికీ కనిపిస్తాయి. పాస్‌వర్డ్‌ను కాగితంపై కూడా రాసి భద్రపరచండి, ఎందుకంటే అది పోతే తిరిగి ఇప్పించే సహాయ కేంద్రమేదీ ఇక్కడ ఉండదు. ఇంత చేసినా, మీ సొంత నోడ్ నడుపుతున్నట్లయితే దాని ఐపీ చిరునామా, అది ఏ సీఐడీని అందిస్తున్నదన్న విషయం ఇతర నోడ్‌లకు తెలిసే అవకాశం ఉంది.