అమెరికాలో మీ మొదటి డిసెంబరు: ఇంట్లో ఎగ్‌నాగ్ చేసుకోవడం

దసరా, దీపావళి సందడి అయ్యాక ఇక్కడి సూపర్‌మార్కెట్లలో పాలు పెట్టే అరల్లో ‘ఎగ్‌నాగ్’ అని రాసిన అట్టడబ్బాలు కనిపిస్తాయి, క్రిస్మస్ రోజుల్లో తాగే పాల పానీయం అది. సంక్రాంతి నాటికి వెతికినా దొరకవు. ఈ రెండింటి మధ్య రోజుల్లో ఆఫీసులోనో, పొరుగింట్లోనో ఎవరో ఒకరు మీ చేతిలో ఓ చిన్న కప్పు పెట్టి తాగమంటారు. అందులో ఏముంటుందో ముందే తెలిస్తే తాగాలో వద్దో తేల్చుకోవడం సులువు. చేయడం కూడా వస్తే ఇంకా మంచిది.

షికాగో దగ్గర నా మొదటి డిసెంబరు నాకు బాగా గుర్తు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి, బయట మంచు, ఇంట్లో నేనొక్కణ్ణే. మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ తలుపు కొట్టి, పండక్కి మనుషులొచ్చారు నువ్వూ రా అని పిలిచారు. వెళ్లగానే ఎగ్‌నాగ్ ఇచ్చారు. పాలు, గుడ్డు, చక్కెర అని చెప్పేసరికి నాకు భయం వేసింది. చిన్నప్పుడు బలానికని మా నాన్న పాలల్లో పచ్చిగుడ్డు కొట్టి ఇచ్చేవారు. ఆ నీచు వాసనకి ముక్కు మూసుకుని మింగేవాణ్ణి. ఈ కప్పు నోటి దగ్గర పెట్టుకుంటే మాత్రం జాజికాయ వాసన వచ్చింది, పసిపిల్లలకి మా అమ్మమ్మ సానమీద అరగదీసేదే. అంత దూరంలో, అంత చలిలో ఆ వాసన తగిలేసరికి నా కళ్లు చెమర్చాయి. చేసే పద్ధతి ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఇది ఇంగ్లండు నుంచి వచ్చిన అలవాటు. వేడి పాలలో వైనో, ‘ఏల్’ అనే బీరో పోసి, సుగంధ ద్రవ్యాలు కలిపి తాగే ‘పాసెట్’ దీనికి పూర్వరూపమంటారు. అమెరికా వలస రాష్ట్రాల్లో పాడి, కోళ్లు ఉన్న రైతులకు కరీబియన్ దీవుల రమ్ము తోడయ్యాక ఇక్కడి రూపం వచ్చింది. 1826లో క్రిస్మస్ ముందురోజు రాత్రి వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో దొంగచాటుగా విస్కీ తెప్పించి ఎగ్‌నాగ్ కలుపుకున్న కేడెట్లు పెద్ద గొడవే చేశారు. దాన్ని ఇప్పటికీ ఎగ్‌నాగ్ అల్లరి అనే పిలుస్తారు.

ఇక తయారీకి వద్దాం. ఆరుగురికి చిన్న కప్పుల్లో సరిపోవాలంటే ఆరు గుడ్ల పచ్చసొనలు, రెండు కప్పుల హోల్ మిల్క్ (వెన్న తీయని పాలు), ఒక కప్పు హెవీ క్రీమ్, అరకప్పు చక్కెర, చిటికెడు ఉప్పు, అర టీస్పూను జాజికాయ పొడి కావాలి. ఇక్కడి వంటల్లో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు, మనింట్లో టీ కప్పు కాదు. అరకప్పు చక్కెర 100 గ్రాములు తూగుతుంది. క్రీముల అర దగ్గర కాస్త జాగ్రత్తగా చూడండి. ‘హాఫ్ అండ్ హాఫ్’ అన్నది కాఫీలోకి పోసుకునే పల్చటి క్రీము, దాంతో ఈ చిక్కదనం రాదు. హెవీ క్రీములో వెన్న శాతం కనీసం 36 ఉంటుంది. జాజికాయ పొడి సీసా కొనకండి. ఇండియన్ స్టోరులో కాయ తీసుకుని అప్పటికప్పుడు తురుముకుంటే వచ్చే వాసన వేరు. అలాగని ఎక్కువ వేయకండి. జాజికాయ మోతాదు మించితే ఒంటికి చెరుపు చేస్తుంది.

పచ్చసొనలూ చక్కెరా కలిపి లేత పసుపు రంగు వచ్చేదాకా బాగా గిలకొట్టండి. మందపాటి గిన్నెలో పాలు, క్రీము, ఉప్పు, జాజికాయ వేసి పొగలు వచ్చేదాకా కాయండి, పొంగు రానివ్వొద్దు. ఇప్పుడు వస్తుంది అసలు మెలకువ. వేడి పాలలోకి సొన ఒక్కసారిగా పోస్తే గుడ్డు ఉడికి పొరటు అయిపోతుంది. అందుకే పాలనే గరిటెడు గరిటెడు సొనలో పోస్తూ ఆపకుండా తిప్పండి. నాలుగైదు గరిటెలకి సొన వెచ్చబడుతుంది, అప్పుడు మొత్తం తిరిగి గిన్నెలోకి వంపండి. సన్నసెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉంటే కొద్దికొద్దిగా చిక్కబడుతుంది. గరిటె వెనక పూతలా పట్టి, వేలితో గీస్తే ఆ గీత చెరగకుండా నిలవాలి. కొత్తల్లో కంటి అంచనాని నమ్ముకోవద్దు, వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 71 సెల్సియస్, చూపించగానే దించేయండి. వడకట్టి, ఐసు నీళ్లలో గిన్నె పెట్టి చల్లార్చి, కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. వేడిగా రుచి చూసి బాగాలేదని పారబోయొద్దు, చల్లబడ్డాకే దాని రుచి తెలుస్తుంది.

పాతకాలపు పద్ధతిలో అసలు కాయరు. పచ్చిసొనలోనే పాలు, మద్యం కలిపి, తెల్లసొన నురగ వచ్చేలా గిలకొట్టి పైన కలుపుతారు. అలా చేయాలని ఉంటే పాశ్చరైజ్డ్ (క్రిములు చచ్చేలా వేడిచేసినవి) అని రాసి ఉన్న గుడ్లే తెచ్చుకోండి. మామూలు పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది, మద్యం పోస్తే అది చస్తుందన్న ధీమా పనికిరాదు. గర్భిణులకూ, పసిపిల్లలకూ, వయసు మళ్లినవాళ్లకూ పచ్చిగుడ్డుతో చేసింది ఇవ్వకండి. ఇంకో సంగతి, మనూళ్లో లాగా గుడ్లు గట్టు మీద పెట్టే అలవాటు ఇక్కడ మానుకోవాలి. ఈ దేశంలో గుడ్లు కడిగి అమ్ముతారు, పెంకు మీది సహజమైన పొర పోతుంది, కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉండాలి. కాచిన ఎగ్‌నాగ్ కూడా రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, రెండు మూడు రోజుల్లో తాగేయండి.

మద్యం సంగతి. బోర్బన్ (అమెరికా విస్కీ), రమ్ము, బ్రాందీ వీటిలో ఏదైనా పోస్తారు. మీరు చేసినప్పుడు అందులో కలిపేయకుండా సీసా పక్కన పెట్టండి, కావలసినవాళ్లు పోసుకుంటారు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. పిల్లలు పొరపాటున తాగకుండా ఉంటారు, కారు నడిపి ఇంటికెళ్లాల్సినవాళ్లు తెలియక తాగకుండా ఉంటారు. ఇక్కడ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మరు. ఆఫీసుకి తీసుకెళ్లాలనుకుంటే మద్యం తీసుకురావచ్చా అని ముందు అడగండి. ఎవరైనా మీకు కప్పు ఇస్తే ఇందులో మద్యం ఉందా అని మీరూ మొహమాటం లేకుండా అడగండి. ఆ ప్రశ్నకి ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు.

గుడ్డు తినని మనవాళ్లు చాలామందే ఉంటారు కదా, వాళ్ల కోసం ఒక మాట. అమెరికా నిబంధన ప్రకారం ‘ఎగ్‌నాగ్’ పేరుతో అమ్మే పాల డబ్బాలో కనీసం 6 శాతం పాలకొవ్వు, 1 శాతం పచ్చసొన ఘనపదార్థం ఉండాలి. అంటే పేరున్నచోట గుడ్డు ఉన్నట్టే. బాదం, ఓట్స్, సోయా పాలతో చేసి ఉత్త ‘నాగ్’ అని అమ్మేవాటిలో సాధారణంగా గుడ్డు ఉండదు, అయినా వెనకున్న పదార్థాల పట్టీ చదివాకే తాగండి. ప్యూర్టోరికోవాళ్లు పండక్కి చేసే ‘కోకీతో’ కొబ్బరిపాలతో ఉంటుంది, చాలామంది గుడ్డు లేకుండానే చేస్తారు. మన నాలుకకి అది ఇంకా త్వరగా పట్టుతుంది. మీరు చేసింది పదిమందిలో పెట్టేటప్పుడు గుడ్డు, పాలు ఉన్నాయని చిన్న చీటీ రాసి గిన్నె పక్కన పెట్టండి.

మిగిలిన తెల్లసొనతో మర్నాడు పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి అట్టు పోసుకోవచ్చు. మా కింది అంతస్తు పెద్దావిడ ఆ రాత్రి గాజు సీసాలో ఎగ్‌నాగ్ పోసి ఇంటికి పంపారు. ఖాళీ సీసా తిరిగి ఇవ్వడం మనకి అలవాటు లేదు కాబట్టి నేను అందులో కొబ్బరి లౌజు పెట్టి ఇచ్చాను. మరుసటి డిసెంబరులో తలుపు కొట్టింది నేను.