కర్రపెండలం పిండి ఫిల్మ్: గ్లిజరిన్ తగ్గించే ముందు తేమ చూడండి

సమస్య: కర్రపెండలం పిండిని నీటిలో, మెత్తదనం కోసం గ్లిజరిన్ కలిపి ఉడికించి, పలుచగా పోసి ఆరబెడితే వచ్చే పొరే ఈ ఫిల్మ్. అదే పిండి, అదే కొలత. అమలాపురంలో ముసురు పట్టిన రోజుల్లో ఫిల్మ్ వేలికి అంటుకుని సాగిపోతుంది. పడమటి గాలి కొట్టే వేసవి మధ్యాహ్నం మడిస్తే ఫట్‌మని విరుగుతుంది.

ఇది చూడగానే అందరూ గ్లిజరిన్ మీద పడతారు. గదిలో తేమ ఎంతుందో ఒక్కరూ చూడరు.

కారణం: పిండిలోని పొడవాటి అణువుల గొలుసుల మధ్య దూరి వాటిని జారనిచ్చేది గ్లిజరిన్ ఒక్కటే కాదు, నీరు కూడా అదే పని చేస్తుంది. పైగా గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది. అందుకే అది ఎక్కువైన కొద్దీ ఫిల్మ్ వాతావరణానికి ఎక్కువ లొంగుతుంది: సాగుడు పెరుగుతుంది, తెగే బలం పడిపోతుంది. ఆత్రేయపురం పూతరేకులో గ్లిజరిన్ చుక్క లేదు. ఎండు రేకు ముట్టుకుంటే పొడి అయిపోతుంది, తడిగుడ్డ అద్దగానే మడతకు వస్తుంది. ఆ మెత్తదనమంతా నీటిదే.

ఇంకోటి, సామర్లకోట వైపు మిల్లుల నుంచి తెచ్చే పిండి పొడిగా కనిపించినా అందులో నూటికి 12, 13 వంతులు నీరే ఉండొచ్చు. గ్లిజరిన్ శాతం ఎండు పిండి బరువు మీదే లెక్కకట్టాలి.

పరిష్కారం: మూత బిగుతుగా పట్టే డబ్బా తీసుకోండి. అడుగున ఉప్పులో కాసిని నీళ్లు పోసి ముద్దగా చేయండి, కరగని ఉప్పు కనిపిస్తూనే ఉండాలి. పైన జల్లెడ పెట్టి ఫిల్మ్ ముక్కలు పరవండి. ఉప్పు తగలకూడదు. మామూలు ఉప్పు లోపలి తేమను 75 శాతం దగ్గర నిలబెడుతుంది, దాని బదులు మెగ్నీషియం నైట్రేట్ అనే లవణం వేస్తే 53 దగ్గర. ఫిల్మ్‌ను తెగేదాకా లాగి బలం, సాగుడు కొలిచే పరీక్షకు నేను రెండోదే వాడమంటాను. రెండు రోజులు ఉంచి, బరువు మారడం ఆగాక తీయండి. తీసిన వెంటనే లాగాలి. బయట పెట్టి కబుర్లలో పడితే పలుచటి ఫిల్మ్ నిమిషాల్లో మారిపోతుంది. రెండు కొలతల్ని పోల్చాలంటే రెండూ ఒకే డబ్బాలోంచి రావాలి.

అప్పటికీ విరిగితే: గ్లిజరిన్ మరీ తక్కువై ఉంటుంది. 10 శాతం లోపు కలిపితే మెత్తబడకపోగా ఒక్కోసారి ఇంకా బిరుసెక్కుతుంది. 25, 30 దగ్గర మొదలుపెట్టండి.

పైకి చెమటలా ఊరితే: 40 దాటించి ఉంటారు, తగ్గించండి.

గడ్డలు కనిపిస్తే పిండి సరిగా ఉడకలేదు. వారాల తర్వాత బిరుసెక్కితే పిండి గొలుసులు మళ్లీ దగ్గర చేరుతున్నాయి, కొత్తది పోసుకోండి. పాత్ర లోహం, నీటి ఉప్పదనం లాంటి అనుమానాలు ఆఖర్న చూసుకోవచ్చు.